పక్షవాతం వచ్చిన మనిషి గురక పెడుతుంటే ఊపిరి దారి ఎక్కడ మూసుకుంటోందో కనిపెట్టడం ఎలా?

రాత్రి 12 దాటాక స్ట్రోక్ వార్డులో రౌండుకి వెళ్తే తరచు వినపడే మాట ఒకటుంది. "మా ఆయనకి ఇప్పుడే కాస్త కునుకు పట్టింది డాక్టరు గారూ, ఎంత గాఢంగా గురక పెడుతున్నారో చూడండి." రెండు రోజులుగా కన్ను మూయని ఆ ఇల్లాలికి ఆ గురక ఊరట. నా చెవి మాత్రం గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దం మీదే ఉంటుంది. 10 సెకన్లు, 20 సెకన్లు, ఒక్కోసారి 30. తర్వాత నీళ్ళలో మునిగి తేలినవాడిలా పెద్ద గుక్క, కాళ్ళూ చేతులూ ఒక్కసారి కదలడం, మళ్ళీ గురక. అది గాఢనిద్ర కాదు. గొంతు మూసుకుపోయి, ఊపిరి ఆడక మెదడు ఉలిక్కిపడి లేస్తోంది. దెబ్బ తగిలిన మెదడు రాత్రంతా ఆ పని చేస్తోంది.

ఇది డ్యూటీ డాక్టర్ల కోసం, సిస్టర్ల కోసం, ఫిజియోథెరపిస్టుల కోసం రాస్తున్నాను. మంచం పక్కన రాత్రిళ్ళు కూర్చునే ఇంటివాళ్ళ కోసం కూడా. ఎందుకంటే ఈ జబ్బుని పట్టించే సాక్షుల్లో మొదటివాళ్ళు వాళ్ళే. ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి: పగలు మెలకువగా ఉన్నప్పుడు టార్చి వేసి చూసే గొంతు, రాత్రి మూసుకుపోయే గొంతు ఒకటి కాదు. నేను చెప్పే అడుగులన్నీ ఆ తేడాని దాటడానికే.

గొంతు ఎందుకు మూసుకుంటుంది

మెత్తటి అంగిలి నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొట్టానికి గట్టి గోడలు లేవు. దాన్ని తెరిచి పట్టుకునేవి చుట్టూ ఉన్న కండరాలే. నిద్రలో అవి అందరికీ వదులవుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక తన బరువుకి వెనక్కి జారుతుంది. మెడ లావైనా, కింది దవడ చిన్నదైనా, టాన్సిల్స్ పెద్దవైనా దారి ముందే ఇరుకు. నానిన కాగితం స్ట్రాతో కొబ్బరి బొండం నీళ్ళు గట్టిగా పీలిస్తే స్ట్రా అణిగిపోతుంది కదా, లోపలికి గాలి లాగినప్పుడు గొంతూ అలాగే అణుగుతుంది.

పక్షవాతం దీని మీద మరికొన్ని భారాలు వేస్తుంది. నాలుక, అంగిలి ఒకవైపు బలం కోల్పోతాయి. మనిషి తనంతట తాను ఒత్తిగిల్లలేడు, పడుకోబెట్టినట్టే వెల్లకిలా ఉండిపోతాడు. మింగడం రాక లాలాజలం గొంతులో చేరుతుంది. ముక్కు నుంచి పొట్టలోకి ఆహారం పంపడానికి వేసే గొట్టం, అంటే రైల్స్ ట్యూబ్, ఒక రంధ్రాన్ని ఆక్రమిస్తుంది.

పక్షవాతం లేదా చిన్న స్ట్రోక్ వచ్చినవాళ్ళని నిద్రలో పరీక్షించిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, 10 మందిలో దాదాపు 7గురికి గంటకి 5 కంటే ఎక్కువసార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో కనిపించింది. 10 మందిలో సుమారు ముగ్గురికి అది గంటకి 30 దాటింది. 2000లో స్పెయిన్ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో 161 మందిని మొదటి రోజుల్లో ఒకసారి, 3 నెలల తర్వాత మరోసారి పరీక్షించారు. మెదడు ఆజ్ఞ ఇవ్వక ఆగే రకం 3 నెలల్లో తగ్గింది. గొంతు మూసుకుని ఆగే రకం మాత్రం దాదాపు అలాగే ఉంది. అంటే చాలామందిలో ఈ అడ్డు పక్షవాతం కంటే ముందు నుంచే ఉందని అర్థం. ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

అన్నిటికంటే ముందు: ఇది అత్యవసరమా?

నిద్ర పరీక్షలు, స్కోర్లు అన్నీ తర్వాత. గురక వినగానే మొదట చేయాల్సింది భుజం తట్టి లేపడం. లేచి, మాట్లాడి లేదా కళ్ళతో బదులిచ్చి, శబ్దం లేకుండా ఊపిరి తీసుకుంటే అది నిద్రలో వచ్చే అడ్డు. లేపినా సరిగ్గా లేవకపోతే, లేచాక కూడా గురగుర శబ్దం ఆగకపోతే, అది నిద్ర కాదు. స్పృహ తగ్గుతోంది. మెదడులో వాపు పెరిగి ఉండొచ్చు, రక్తస్రావం అయి ఉండొచ్చు. వెంటనే డాక్టరుని పిలవాలి. పక్కకి ఒత్తిగిల్చి, గడ్డం కింద దవడని ముందుకి లేపి, నోట్లో చేరిన లాలాజలం, కళ్ళె సక్షన్‌తో తీయాలి. కట్టుడు పళ్ళుంటే తీసేయాలి. స్పృహ ఎంతుందో కొలిచే జీసీఎస్ స్కోరు 8కి దిగిందంటే గొట్టం వేసి ఊపిరి దారిని కాపాడాల్సిన పరిస్థితి వచ్చిందని అనుకోవాలి.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చిన రోగిలో ఇంకో ప్రమాదం ఉంది. ఆల్టెప్లేస్ లాంటి మందు ఇచ్చాక కొద్దిమందిలో, ఎక్కువగా మొదటి రెండు గంటల్లో, పెదవులు, నాలుక వాస్తాయి. చాలాసార్లు వాపు పడిపోయిన వైపే మొదలవుతుంది. అందుకే "మూతి వంకర వల్ల అలా కనపడుతోందేమో" అని మోసపోతాం. బీపీకి రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటి మాత్రలు వాడుతున్నవాళ్ళలో ఈ ముప్పు ఎక్కువ. ఇంజెక్షన్ నడుస్తుంటే ఆపి, మత్తు డాక్టరుని పిలవాలి. మెడ రక్తనాళానికి ఆపరేషన్ అయినవాళ్ళలో మెడ ఒకవైపు ఉబ్బుతూ గొంతు బిగుస్తుంటే అదీ అంతే అత్యవసరం. గడ్డ కరిగించే మందు ఇచ్చిన 24 గంటల్లో ముక్కులోకి ఏ గొట్టమైనా, వేయకుండా గడిచేటట్టుంటే, వేయకపోవడమే మేలు. ముక్కు నుంచి రక్తం మొదలైతే ఆపడం కష్టం.

ఆక్సిజన్ గురించి ఒక మాట. వేలి క్లిప్ (పల్స్ ఆక్సీమీటర్) చూపే ఆక్సిజన్ రీడింగ్ 94 పైన ఉన్నవాళ్ళకి ఆక్సిజన్ పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. పైగా మూసుకున్న గొంతుని ఆక్సిజన్ తెరవదు. రీడింగ్ బాగుందనిపించి అసలు జబ్బుని దాస్తుంది.

మొదటి అడుగు: పక్కన పడుకునేవాళ్ళని అడగండి

రోగికి మాట పడిపోయి ఉండొచ్చు. మాట వచ్చినా, తన గురక తనకి తెలియదు. కాబట్టి భార్యనో, భర్తనో, అదే గదిలో పడుకునే కొడుకునో అడగాలి. "గురక పెడతారా?" అని అడిగితే "అందరిలాగే" అంటారు. అలా కాకుండా, "గురక మధ్యలో ఊపిరి ఆగిపోయిందేమో అని మీరెప్పుడైనా లేచి తట్టి చూశారా?" అని అడగండి. చాలామంది ఒక్క క్షణం ఆగి, "అవును, ఎన్నో ఏళ్ళుగా" అంటారు. ఇంకా అడగాల్సినవి: రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేచేవారు, పొద్దున లేవగానే తలనొప్పి ఉండేదా, మూడు రకాల మాత్రలు వేసుకున్నా బీపీ తగ్గలేదా, గుండె లయ తప్పిందని ఎవరైనా చెప్పారా, పక్షవాతం నిద్రలో వచ్చి పొద్దున లేచేసరికి కనపడిందా. షుగర్ ఉన్నవాళ్ళు రాత్రి లేవడాన్ని షుగర్ మీదకి తోసేస్తారు, అది ఒక్కటే కారణం కాకపోవచ్చు.

స్టాప్-బ్యాంగ్ అనే 8 ప్రశ్నల పట్టిక ఉంది. గురక, అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బరువు, 50 దాటిన వయసు, మెడ చుట్టుకొలత, మగవారా అన్నవి అందులో ఉంటాయి. అడగడం తేలిక, అడగండి. కానీ పక్షవాతం వార్డులో వయసు, బీపీ, అలసట దాదాపు అందరికీ ఉంటాయి కాబట్టి స్కోరు చాలామందికి ఎక్కువే వస్తుంది. పగటి మత్తుని కొలిచే ఎప్‌వర్త్ పట్టిక మీద నేను ఇక్కడ ఆధారపడను. 1991లో ఆస్ట్రేలియాలో తయారైన ఆ పట్టిక టీవీ చూస్తూ, పుస్తకం చదువుతూ, ట్రాఫిక్‌లో ఆగిన కారులో కూర్చుని తూగుతారా అని అడుగుతుంది. మంచం మీద ఉన్న మనిషిని ఆ ప్రశ్నలు అడిగి ఏం లాభం? పక్షవాతం వచ్చినవాళ్ళలో ఊపిరి తీవ్రంగా ఆగుతున్నా పగటి మత్తు కనపడకపోవడం మామూలే. లావుగా లేనివాళ్ళలో కూడా ఇది ఉంటుంది. "సన్నగానే ఉన్నారు కదా" అని వదిలేయకండి.

ఇంటివాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది: ఫోన్‌లో వీడియో తీయడం. ముఖం, మెడ, ఛాతీ, పొట్ట అన్నీ కనపడేలా, దుప్పటి పొట్ట కిందికి లాగి, కనీసం 5 నిమిషాలు. ఫోన్ మైకు దగ్గరగా ఉండాలి. రోగిని ఎలా పడుకోబెట్టారో, వెల్లకిలానా ఒత్తిగిల్లా, వీడియో మొదట్లోనే మాటల్లో చెప్పండి.

రెండో అడుగు: రాత్రి మంచం పక్కన 10 నిమిషాలు నిలబడండి

నా దృష్టిలో ఈ మార్గదర్శిలో అన్నిటికంటే విలువైన అడుగు ఇదే. ఖర్చు లేదు, యంత్రం లేదు. రెండుసార్లు చూడండి: నిద్ర పట్టిన గంటకి ఒకసారి, తెల్లవారుజామున 4 ప్రాంతంలో ఒకసారి. కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ. ఆ నిద్రలో కండరాలు పూర్తిగా వదిలేస్తాయి కాబట్టి అడ్డు బాగా బయటపడుతుంది.

ఊపిరి ఆగినప్పుడు కళ్ళు ఛాతీ మీద, పొట్ట మీద పెట్టండి. తేల్చాల్సిన ప్రశ్న ఒకటే: మనిషి ప్రయత్నిస్తున్నాడా, లేదా?

ముక్కు దగ్గర గాలి లేదు, శబ్దం లేదు, కానీ పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతోంది, మెడ కండరాలు బిగుస్తున్నాయి, గొంతు కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. ఇది అడ్డు రకం. మెదడు ఊపిరి తీయమంటోంది, దారి మూసుకుంది.

ఛాతీ, పొట్ట రెండూ కదలకుండా నిశ్చలంగా ఉన్నాయి, ఏ ప్రయత్నమూ లేదు. ఇది మెదడు రకం. ఆజ్ఞే రాలేదు. ఇందులో ఊపిరి నెమ్మదిగా పెరిగి, పెద్దదై, మళ్ళీ తగ్గి, ఆగి, మళ్ళీ మొదలవుతుంటే దాన్ని చైన్-స్టోక్స్ శ్వాస అంటారు. ఒక చుట్టు 40 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడుతుంది. మెదడు రెండువైపులా దెబ్బతిన్నా, గుండె నీరసపడినా ఇది వస్తుంది. ఇది కనపడితే గుండె ఎకో చూడాలి.

చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. మొదట ప్రయత్నం లేకుండా ఆగి, తర్వాత ప్రయత్నం మొదలై, దారి మూసుకుని ఉండటం వల్ల గాలి లోపలికి పోదు.

వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టినవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. రీడింగ్ ఆలస్యంగా పడిపోతుంది. ఊపిరి ఆగినప్పుడు 95 చూపిస్తూ, మనిషి మళ్ళీ ఊపిరి మొదలుపెట్టి గురక పెడుతున్నప్పుడు 84కి దిగొచ్చు. "బాగా ఊపిరి తీస్తున్నప్పుడే పడిపోతోందేమిటి?" అని తికమక పడొద్దు. ఆ పడిపోవడం 20, 30 సెకన్ల కిందటి ఆగడానిది. క్లిప్ చల్లబడి వాచిన చేతికి కాకుండా వెచ్చగా ఉన్న మంచి చేతికి పెట్టాలి, గోళ్ళరంగు ఉంటే తుడిచేయాలి.

తర్వాత ఒక చిన్న ప్రయోగం. వెల్లకిలా ఉన్నప్పుడు 5 నిమిషాల్లో ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టండి. పడిపోయిన భుజాన్ని పట్టి లాగకుండా, వీపు వెనక దిండు పెట్టి, నెమ్మదిగా పక్కకి ఒత్తిగిల్చండి. మళ్ళీ 5 నిమిషాలు. సగానికి సగం తగ్గితే మీరు అడ్డుని కనిపెట్టడమే కాదు, వైద్యం కూడా మొదలుపెట్టారు. తల వైపు మంచం 30 డిగ్రీలు ఎత్తి కూడా చూడండి. 2017లో వెలువడిన, 11,000 మందికి పైగా పాల్గొన్న పరిశోధనలో తలని చదునుగా ఉంచడం వల్ల కోలుకోవడంలో మేలేమీ కనపడలేదు. రక్తనాళం తెరిచే ప్రయత్నం జరుగుతున్న మొదటి గంటల్లో న్యూరాలజిస్టు చదునుగా ఉంచమంటే అది వేరు, అప్పుడు ఆయన మాటే వినాలి.

మూడో అడుగు: పగలు, ముక్కు నుంచి స్వరపేటిక దాకా

ఇప్పుడు టార్చి తీయండి. పైనుంచి కిందికి, ఒక్కో అంచె.

ముక్కు. ఒక రంధ్రం మూసి రెండోదాంతో ఊపిరి తీయమనండి. ముక్కు దూలం వంకర, పాత జలుబు, లోపల కండ పెరగడం చూడండి. రైల్స్ ట్యూబ్ గాలి ఆడే వైపే వేసి ఉంటే, రెండో వైపు ముందే మూసుకుని ఉంటే, ఆ మనిషికి ముక్కుతో ఊపిరి లేనట్టే. నోరు తెరిచి పడుకుంటాడు, దవడ వెనక్కి జారుతుంది, నాలుక గొంతుని మూస్తుంది. వార్డుల్లో అతి తేలిగ్గా సరిచేయగలిగి కూడా వదిలేస్తున్న కారణం ఇది.

నోరు, దవడ. మూతి వంకర ఎటువైపు, పెదవులు బిగిస్తే గాలి పోతోందా, చొంగ కారుతోందా. కింది దవడ పక్క నుంచి చూస్తే వెనక్కి ఉందా. పళ్ళు లేనివాళ్ళలో రాత్రి కట్టుడు పళ్ళు తీశాక దవడ ఇంకా కుదించుకుపోతుంది.

నాలుక, అంగిలి. ఇక్కడ మన తెలుగు పేరు ఒకటి ప్రపంచమంతా పలుకుతారు. గుంటూరు ప్రాంతం నుంచి అమెరికా వెళ్ళి, బోస్టన్‌లో మత్తు డాక్టరుగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు గారు 1985లో ఒక సులువైన పద్ధతి ప్రచురించారు. రోగిని కూర్చోబెట్టి, నోరు పూర్తిగా తెరిచి నాలుక బయట పెట్టమని, ఎదురుగా కూర్చుని చూడటమే. అంగిలి, పక్క తోరణాలు, కొండనాలుక అన్నీ కనపడితే 1వ తరగతి. అలా తగ్గుతూ అంగిలి మాత్రమే కనపడితే 3. 1987లో ఇంకొందరు వైద్యులు 4వ తరగతి చేర్చారు, అంటే మెత్తటి అంగిలి కూడా కనపడదు. గొట్టం వేయడం ఎంత కష్టమో అంచనా వేయడానికి వచ్చిన ఈ తరగతులే నిద్రలో గొంతు ఇరుకుని అంచనా వేయడానికీ పనికొస్తున్నాయి. కానీ పక్షవాతం రోగి కూర్చోలేడు, నాలుక బయటికి పెట్టలేడు, చెప్పింది అర్థం కాకపోవచ్చు. అప్పుడు నాలుక నోట్లోనే ఉంచి, నోరు తెరిచినంత వరకే చూడండి. ఏ భంగిమలో చూశారో కేస్ షీట్‌లో రాయండి. పడుకుని ఉన్న మనిషిలో చూసిన తరగతిని కూర్చున్న మనిషి తరగతితో పోల్చకూడదు.

నాలుక బయట పెట్టగలిగితే అది బలహీనమైన వైపుకి తిరుగుతుంది. "ఆ" అనమంటే కొండనాలుక బలంగా ఉన్న వైపుకి లాగుతుంది. రెండూ రాసుకోండి. నాలుక ఒకవైపు బలహీనమైతే రాత్రి నాలుక మొదలు వెనక్కి పడుతుందని, అంగిలి బలహీనమైతే పై అంచె మూసుకుంటుందని అనుమానించాలి. టాన్సిల్స్ దారిలో సగం కంటే ఎక్కువ ఆక్రమిస్తే అది పెద్ద సంగతి.

మెడ. స్వరపేటిక దగ్గర టేపుతో కొలవండి. స్టాప్-బ్యాంగ్ మొదటి రూపంలో హద్దు 40 సెంటీమీటర్లు, అది దాటితే లావు మెడ కిందే లెక్క.

స్వరం, దగ్గు. "ఈ" అని ఎంతసేపు అనగలరో చూడండి. గొంతు బొంగురుపోయిందా, దగ్గమంటే దగ్గు బలంగా ఉందా లేక గాలి తుస్సుమంటోందా? ఊపిరి లోపలికి తీసేటప్పుడు సన్నని ఈల లాంటి శబ్దం వస్తే అది గురక కాదు. స్వరతంత్రుల దగ్గర అడ్డు, ఈఎన్‌టీ డాక్టరు అదే రోజు చూడాలి.

ఇక్కడ కాసేపు ఆగాలి. మెదడు కాండం పక్క భాగంలో వచ్చే ఒక రకం పక్షవాతంలో చేతులూ కాళ్ళూ బాగానే ఉంటాయి. తల తిరుగుడు, ఆగని ఎక్కిళ్ళు, బొంగురు గొంతు, మింగలేకపోవడం మాత్రమే కనపడతాయి. చేయీ కాలూ కదులుతున్నాయి కదా అని ఇలాంటివాళ్ళని త్వరగా మామూలు వార్డుకి పంపిస్తాం. నేను శిక్షణలో ఉన్నప్పుడు అలాంటి పెద్దాయన ఒకరిని మేము అలాగే పంపించాం. రెండో రాత్రి ఆయన కూతురు ఫోన్ పట్టుకుని డ్యూటీ రూముకి పరుగున వచ్చింది. వీడియోలో ఆయన ఛాతీ అరనిమిషం పైన కదలలేదు. అంగిలి ఒకవైపు పనిచేయడం లేదు, ఒక స్వరతంత్రి కదలడం లేదు, దాని మీద మెదడు ఆజ్ఞ కూడా ఆగుతోంది. ఆ అమ్మాయి నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అప్పటి నుంచి బొంగురు గొంతు, ఎక్కిళ్ళు కలిసి ఉన్న రోగికి కాళ్ళూ చేతులూ ఎంత బాగున్నా రాత్రి మానిటర్ తీయనివ్వను.

నాలుగో అడుగు: మింగడం

మన ఇళ్ళలో పొలమారితే "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ నెత్తి మీద తడతాం. పక్షవాతం వచ్చిన మనిషికి పొలమారితే ఆ మాట అనుకుని ఊరుకోవద్దు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి.

మింగడానికి వాడే కండరాలు, గొంతుని తెరిచి పట్టే కండరాలు చాలావరకు ఒకటే. మింగే పరీక్ష కాకుండా నోటితో ఏమీ పెట్టకూడదన్న నియమం ఇప్పటికే ఉంది. పూర్తి మెలకువలో, నిటారుగా కూర్చోబెట్టి, మొదట చెంచాడు నీళ్ళు, అవి బాగా మింగితే తర్వాత గ్లాసుతో. దగ్గు, గొంతు తడిగా గరగరలాడటం, రీడింగ్ పడిపోవడం చూడాలి. కొందరికి దగ్గు కూడా రాకుండా లోపలికి పోతుంది, కాబట్టి అనుమానం ఉంటే ముక్కు ద్వారా సన్నని కెమెరాతో మింగడాన్ని చూసే పరీక్ష చేయించడం మంచిది. ఆ కెమెరా లోపలికి వెళ్ళినప్పుడే అంగిలి, నాలుక మొదలు, ఎపిగ్లాటిస్ (స్వరపేటిక మీద మూతలా ఉండే భాగం), స్వరతంత్రుల కదలిక కూడా చూసి రాయమని ముందే అడగండి. ఒకే గొట్టంతో రెండు ప్రశ్నలకి జవాబు వస్తుంది.

ఐదో అడుగు: ఇప్పటికే తీసిన స్కాన్ మళ్ళీ తెరవండి

పక్షవాతం రోగికి మెడ రక్తనాళాల సీటీ యాంజియో చాలాసార్లు మొదటి రోజే అయిపోతుంది. రేడియాలజీ రిపోర్టు రక్తనాళాల గురించే చెబుతుంది. కానీ అదే ఫిల్ముల్లో ముక్కు దూలం, టాన్సిల్స్, అంగిలి పొడవు, నాలుక వెనక ఉన్న గాలి దారి వెడల్పు అన్నీ ఉన్నాయి. కొత్త ఖర్చు లేదు, కొత్త రేడియేషన్ లేదు. రేడియాలజిస్టుని ఒక్క మాట అడగండి. మెలకువలో తీసిన బొమ్మ కాబట్టి ఇందులో దారి వెడల్పుగా కనపడినంత మాత్రాన రాత్రి మూసుకోదని కాదు. ఇరుకుగా కనపడితే మాత్రం పట్టించుకోవాలి.

ఆరో అడుగు: నిద్ర పరీక్ష

పూర్తి పరీక్ష స్లీప్ ల్యాబ్‌లో రాత్రంతా జరుగుతుంది. మెదడు తరంగాలు, కళ్ళ కదలిక, గాలి ప్రవాహం, ఛాతీ పొట్ట బెల్టులు, ఆక్సిజన్, గుండె లయ, పడుకున్న భంగిమ అన్నీ రికార్డవుతాయి. కదల్లేని రోగిని ల్యాబ్‌కి తీసుకెళ్ళడం చాలాచోట్ల కుదరదు. అలాంటప్పుడు వార్డులోనే మంచం దగ్గర పెట్టే చిన్న యంత్రం చాలు, కానీ అందులో ఛాతీకి, పొట్టకి రెండు బెల్టులూ తప్పకుండా ఉండాలి. ప్రయత్నం ఉందో లేదో చెప్పేవి అవే. ఒక్క ఆక్సీమీటర్ రికార్డింగ్ సమస్య ఉందని చెబుతుంది, ఏ రకమో చెప్పదు.

పెట్టేటప్పుడు: నోటితో ఊపిరి తీసేవాళ్ళలో ముక్కు దగ్గరి సెన్సర్ గాలి లేదని తప్పుగా చూపిస్తుంది, కాబట్టి నోటి దగ్గర కూడా సెన్సర్ ఉండాలి. మంచి చేత్తో వైర్లు పీకేస్తారు, అందుకే వైర్లని వీపు వైపు నుంచి తీసి అతికించండి. ఆక్సిజన్ పెట్టి ఉంటే ఆ సంగతి రాయాలి, లేదంటే పడిపోవడాలు తక్కువగా వస్తాయి. ఆ రాత్రి నిద్రమాత్ర ఇవ్వొద్దు. నిజానికి ఏ రాత్రీ వద్దు. "నిద్ర పట్టడం లేదు, ఒక మాత్ర రాయండి" అని ఇంటివాళ్ళు జాలితో అడుగుతారు. డయాజిపామ్ జాతి మాత్రలు గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తాయి.

రిపోర్టు చదవడం. ఊపిరి పూర్తిగా 10 సెకన్లు లేదా ఎక్కువ ఆగితే అప్నియా. ప్రవాహం కనీసం 30 శాతం తగ్గి, దాంతో పాటు ఆక్సిజన్ పడిపోవడమో నిద్ర చెదరడమో ఉంటే హైపోప్నియా. రెండూ కలిపి గంటకి ఎన్నో చెప్పేది ఏహెచ్ఐ. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. చాలామంది ఈ ఒక్క అంకె దగ్గరే ఆగిపోతారు. మీరు ఇంకా నాలుగు చూడండి. అడ్డు రకం ఎన్ని, మెదడు రకం ఎన్ని. వెల్లకిలా ఎన్ని, ఒత్తిగిలితే ఎన్ని. ఆక్సిజన్ 90 కంటే కింద ఎంతసేపు గడిపారు. ఆగిన ప్రతిసారీ తిరిగి పైకి వస్తోందా, లేక రాత్రంతా కిందే ఉంటోందా. రాత్రంతా కిందే ఉండి, మనిషి లావుగా ఉండి, రక్తంలో బైకార్బనేట్ 27 లేదా ఎక్కువ ఉంటే, బొగ్గుపులుసు గాలి పేరుకుంటోందేమో చూడాలి. దానికి రక్తవాయు పరీక్ష కావాలి. యంత్రం తానే ఇచ్చే లెక్కని నమ్మి ఊరుకోకుండా, తెలిసినవాళ్ళు తెరమీద గీతలు చూసి సరిచేయాలి. మెదడు రకాన్నీ అడ్డు రకాన్నీ యంత్రాలు తరచు కలిపేస్తాయి.

ఏడో అడుగు: నిద్రలో లోపలికి చూడటం

ఇది అందరికీ కాదు. సీపాప్ యంత్రం (మాస్క్ ద్వారా గాలి ఒత్తిడితో గొంతుని తెరిచి ఉంచేది) ఎంత ప్రయత్నించినా పనిచేయనివాళ్ళకి, ఆపరేషన్ లేదా నాలుక నరాన్ని ప్రేరేపించే పరికరం ఆలోచిస్తున్నవాళ్ళకి మాత్రమే. కొద్దిగా మత్తు ఇచ్చి, నిద్రలోకి జారాక ముక్కులోంచి కెమెరా వేసి గొంతు ఎక్కడ మూసుకుంటోందో కళ్ళారా చూస్తారు. 2011లో ప్రచురించిన వోట్ పద్ధతిలో నాలుగు అంచెలు రాస్తారు: మెత్తటి అంగిలి, గొంతు పక్క గోడలు, నాలుక మొదలు, ఎపిగ్లాటిస్. ఒక్కోదానికి 0 అంటే తెరిచి ఉంది, 1 అంటే కొంత, 2 అంటే పూర్తిగా మూసుకుంది. ఏ దిశలో మూసుకుంటోందో కూడా రాస్తారు. ఎపిగ్లాటిస్ తలుపులా వాలిపోతుంటే సీపాప్ గాలి దాన్ని ఇంకా కిందికి నెట్టే సందర్భాలు ఉన్నాయి, అందుకే ఈ చూపు కొందరికి నిజంగా దారి మారుస్తుంది.

పక్షవాతం వచ్చిన మొదటి వారాల్లో ఈ పరీక్షకి నేను ఒప్పుకోను. మత్తులో బీపీ పడిపోతే మెదడులో బతికి ఉన్న భాగం దెబ్బతింటుంది. మింగలేని మనిషి లాలాజలం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోగి నిలకడగా ఉన్నాక, మింగడం తేలాక, మత్తు డాక్టరు, ఈఎన్‌టీ డాక్టరు ఇద్దరూ ఉన్న చోటే చేయించాలి.

అన్నీ కలిపి ఒక పేరాలో రాయండి

కేస్ షీట్‌లో "ఓఎస్ఏ ఉంది" (నిద్రలో గొంతు మూసుకుని ఊపిరి ఆగే జబ్బుకి పొట్టి పేరు) అని రాస్తే తర్వాతి షిఫ్ట్‌కి ఏమీ తెలియదు. ఇలా రాయండి: "కుడివైపు పక్షవాతం, 4వ రోజు. ఆగడాలు ఎక్కువగా అడ్డు రకం. వెల్లకిలా గంటకి 42, ఎడమకి ఒత్తిగిలితే 11. రైల్స్ ట్యూబ్ ఎడమ ముక్కులో, కుడి ముక్కు దూలం వంకరతో మూసుకుంది. నాలుక కుడికి తిరుగుతోంది. మింగే పరీక్షలో చెంచాడు నీళ్ళకే దగ్గు. స్వరం బాగుంది." ఈ పేరా చదివిన సిస్టర్‌కి ఈ రాత్రి ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు: ఎడమకి తిప్పి పడుకోబెట్టడం, ట్యూబ్ సంగతి డాక్టరుని అడగడం, తల వైపు మంచం ఎత్తడం.

సీపాప్ గురించి ఇంటివాళ్ళు అడిగితే నిజం చెప్పండి. 2016లో వచ్చిన పెద్ద పరిశోధనలో గుండెజబ్బు లేదా స్ట్రోక్ ఉన్న 2,717 మందిని చూశారు. సీపాప్ వాడినవాళ్ళలో గుండెపోటు, మళ్ళీ పక్షవాతం తగ్గినట్టు తేలలేదు. కానీ వాళ్ళు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. పగటి మత్తు, మనసు బాగుండటం మెరుగయ్యాయి. కాబట్టి "ఇది పెడితే మళ్ళీ పక్షవాతం రాదు" అని మాట ఇవ్వకూడదు, "పనికిరాదు" అనీ అనకూడదు. మూతి వంకర ఉన్నవాళ్ళకి మాస్క్ పక్కనుంచి గాలి పోతుంది, ఒంటి చేత్తో మాస్క్ తీసుకోలేరు. వాంతి వస్తే తనంతట తాను తీసుకోలేని మనిషికి, పక్కన మెలకువగా ఎవరూ లేకుండా, ముఖమంతా కప్పే మాస్క్ పెట్టి వదలొద్దు.

డిశ్చార్జి కాగితంలో ఏ పక్కకి పడుకోబెట్టాలో, నిద్రమాత్రలూ మద్యమూ వద్దనీ, 3 నెలలకి మళ్ళీ నిద్ర పరీక్ష ఉందనీ రాసి తేదీ వేయండి. ఆ రోజు వచ్చేటప్పుడు అంతకు ముందు రాత్రి తీసిన 5 నిమిషాల వీడియో ఒకటి, వెల్లకిలా ఉన్నప్పుడు తీసినది, వెంట తెమ్మని ఇంటివాళ్ళకి చెప్పండి. మొదటి వీడియో పక్కన పెట్టి చూడాలి.